మృదంగం, మధ్యలో సీఎస్‌ఈ: రెండో ఏడాది సాధన లాగ్

ఈ ఏడాది పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే. పుష్య బహుళ పంచమికి మా ఊళ్లో జరిగే త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలకు మృదంగం వాయించగలగాలి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. రాగాలు ఐదు, తాళం మాత్రం అన్నింటికీ ఆదితాళమే. అందుకే చాలామంది ఇది తేలిక అనుకుంటారు. కానీ గోష్ఠిగానంలో అంతమంది గొంతులు కలిసినప్పుడు చరణం చరణానికీ వేగం పెరిగిపోతూ ఉంటుంది. మొదలుపెట్టిన కాలప్రమాణాన్ని చివరిదాకా నిలబెట్టాల్సింది మృదంగమే. నాకు కావలసింది ఆ నిలకడ.

నేను చదివేది బీటెక్ సీఎస్‌ఈ, ఉండేది గుంటూరు దగ్గర హాస్టల్లో. ఇల్లు, మాస్టారు ఏలూరులో. మృదంగ విద్వాంసురాలు దండమూడి సుమతీ రామమోహనరావు గారిదీ ఏలూరే. 2021లో ఆవిడకి పద్మశ్రీ వచ్చినప్పుడు నేనింకా స్కూల్లో ఉన్నాను. ఆడపిల్లకి మృదంగం ఎందుకన్న మాట మా ఇంట్లో ఆ రోజుతో ఆగిపోయింది.

జూలై, ఆగస్టు

మృదంగం హాస్టల్‌కి తెచ్చుకున్నాను. పనస చెక్కది, 22 అంగుళాల పొడవు. ఆడవాళ్లు పాడే పై శ్రుతికి ఈ సైజు సరిపోతుంది, మగవాళ్ల కింది శ్రుతికైతే 24 అంగుళాలది వాడతారు. గదిలో వాయిస్తే పక్క గదుల్లో చదువు సాగదు కాబట్టి, పొద్దున్న టిఫిన్ బెల్లు లోపల మేడ మీద వాయించుకోవడానికి వార్డెన్ మేడం ఒప్పుకున్నారు.

హాస్టల్లో మృదంగం ఉంచుకోవాలనుకునేవాళ్లకి కొన్ని సంగతులు చెప్పాలి. ఎడమ మూతకి బొంబాయి రవ్వ ముద్ద కావాలి. గుప్పెడు రవ్వను నీళ్లతో గట్టిగా పిసికి మూత మధ్యలో అంటించాలి, వాయించడం అవగానే గీకేసి తడిబట్టతో తుడవాలి. వదిలేస్తే ఎండి చర్మం పాడవుతుంది. రవ్వ డబ్బా గదిలో పెట్టుకోవడం మేలు, మెస్‌లో రోజూ అడగడం కుదరదు. వానాకాలంలో చర్మం తేమ పీల్చి శ్రుతి దిగుతుంది. కుడి మూత అంచున ఉండే జడ మీద కొయ్యముక్క ఆనించి రాయితో లోపలికి కొడితే శ్రుతి ఎక్కుతుంది, అటునుంచి ఎదురు కొడితే దిగుతుంది. చుట్టూ సమానంగా కొట్టుకుంటూ రావాలి. ఆరుతుందని ఎండలో మాత్రం పెట్టొద్దు.

వానలు ముదిరాక మేడ మీద కుదరలేదు. మృదంగాన్ని ఇంటికి పంపేసి, వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్‌తో అడుగున్నర పొడవు పెట్టె చేయించి, రెండు చివర్లా మౌస్‌ప్యాడ్లు అంటించాను. బల్ల మీద కొట్టడం కన్నా ఇది చాలా నయం, చేతులు మృదంగం మీద ఉన్నట్టే రెండు పక్కలా ఉంటాయి. "తకధిమి", "తకిట" పాఠాలకు వేళ్ల బలం, వేగం దీనిమీద బాగానే వస్తాయి. రానిది నాదం. "నం" వాయించాలంటే ఉంగరం వేలు నల్లటి పూత అంచున తేలిగ్గా ఆనుతుండగా చూపుడు వేలు అంచు మీద పడాలి. రబ్బరు మీద ఎలా కొట్టినా ఒకటే చప్పుడు, తప్పో ఒప్పో తెలియదు. నాదం పాఠాలన్నీ శని ఆదివారాలకి, ఇంటికి వెళ్ళినప్పటికి ఉంచుకున్నాను.

మొదటి మిడ్స్

డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ల్యాబ్ రికార్డులు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. మాస్టారికి ఫోన్ చేసి ఈ రెండు వారాలు పెట్టె కూడా ముట్టుకోలేనన్నాను. ఆయన, "చేతులకి సెలవిచ్చుకో అమ్మాయ్, నోటికి ఇవ్వకు. నోటితో తాళం తప్పకుండా చెప్పగలిగింది చేతికి దానంతటదే వస్తుంది" అన్నారు.

హాస్టల్ నుంచి క్లాసు బ్లాకు దాకా నడిచే దారే సాధన అయింది. అడుగు తాళం, నోట జతులు, అంటే తకధిమి లాంటి పలుకులు. ఒక అడుగుకి నాలుగు మాత్రలు (తాళంలో చిన్న లెక్కలు), తర్వాత అదే నడకలో ఎనిమిది. ముందు ఎవరైనా చూస్తారేమోనని ఉండేది, తర్వాత పట్టించుకోవడం మానేశాను. ఈ పద్ధతిలో నాకు నచ్చేది, చదువుకునే టైమ్‌లోంచి ఒక్క నిమిషం కూడా అడగకపోవడం. ఎలాగూ నడవాల్సిన దారే.

దసరా సెలవులు

ఈ లాగ్‌లో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఇక్కడే జరిగింది. నా కాలప్రమాణం ఎక్కడ జారుతోందో చెవితో పట్టుకోలేకపోతున్నాను. వాయించేటప్పుడు అంతా సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది. అందుకని ఫోన్‌లో రికార్డు చేసి, పైథాన్‌లో లిబ్రోసా లైబ్రరీతో ప్రతి దెబ్బ పడిన సమయం తీశాను. ఆన్‌సెట్ డిటెక్ట్ అనే ఫంక్షన్ ఉంది, దాన్నుంచి వచ్చిన సమయాల మధ్య తేడాలు నమ్‌పైతో తీస్తే చాలు, పది లైన్ల కోడ్ కూడా ఉండదు.

ఎవరైనా ప్రయత్నిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. లిబ్రోసా మామూలుగా సెకనుకి 22,050 శాంపిళ్లతో, 512 శాంపిళ్ల అడుగుతో నడుస్తుంది. అంటే ఒక్కో అడుగు 23 మిల్లీసెకన్లు. నిమిషానికి 60 దెబ్బల తాళంలో, దెబ్బకి నాలుగు చొప్పున మాత్ర 250 మిల్లీసెకన్లు, రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, 125. అక్కడ 23 అంటే చాలా పెద్ద తేడా. హాప్ లెంగ్త్, అంటే ఈ అడుగు, 128 శాంపిళ్లకి తగ్గిస్తే అడుగు 6 మిల్లీసెకన్ల లోపలికి వస్తుంది, అప్పుడు గ్రాఫ్‌ని నమ్మొచ్చు.

గ్రాఫ్ చూశాక ఆశ్చర్యపోయాను. వేగంగా వాయించే చోట కాదు నేను పరుగెత్తేది, ఆగే చోట. కార్వ, అంటే దెబ్బ వేయకుండా ఆగాల్సిన మాత్రలు, ప్రతిసారీ కురచగా వస్తున్నాయి. నాలుగు మాత్రలు ఆగాలంటే నిండా ఒక సెకను ఆగాలి. అది నిండకముందే నా చెయ్యి పడిపోతోంది. నోటితో జతులు చెబుతూ వాయించిన రికార్డింగుల్లో ఈ జారుడు బాగా తక్కువ. మాస్టారి మాట కొలతల్లో కనబడటం నాకెంతో సంతోషం.

నవంబరు

క్లాసులో డైనమిక్ ప్రోగ్రామింగ్ మొదలైంది. మెట్లెక్కే లెక్క చెప్పారు: ఒకటి గానీ రెండు గానీ మెట్లు వేస్తూ పైకి చేరడానికి ఎన్ని దారులు? ఇది మన ఛందస్సు లెక్కే. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రలను నింపే తీర్లు ఐదు, ఎనిమిది మాత్రలకైతే ముప్ఫై నాలుగు. ముందటి రెండు సంఖ్యలు కలిపితే తర్వాతిది వస్తుందని ఛందశ్శాస్త్రం రాసిన విరహాంకుడు, ఆ తర్వాత 1150 ప్రాంతంలో హేమచంద్రుడు రాసిపెట్టారు. ఈ వరుసని ఇప్పుడు ఎవరి పేరుతో పిలుస్తున్నామో ఆ ఫిబొనాచీ పుస్తకం 1202 నాటిది. నాలుగు మాత్రల ఐదు తీర్లనూ ఆ రాత్రే పెట్టె మీద వాయించాను. గురువు వచ్చిన ప్రతిచోటా దెబ్బ తర్వాత ఒక మాత్ర ఖాళీ, అంటే నాకు కావలసిన కార్వ అభ్యాసమే.

అక్కడినుంచి ముక్తాయిల ప్రోగ్రాం రాశాను. ముక్తాయి అంటే ఒకే జతిని మూడుసార్లు, మధ్యలో రెండు కార్వలు. జతి ఎక్స్ మాత్రలు, కార్వ కె మాత్రలు అనుకుంటే మూడు ఎక్స్, రెండు కె కలిసి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) నిండాలి. ఆదితాళం ఒక ఆవర్తనం 32 మాత్రలు. పది మాత్రల జతికి కార్వ ఒకటి, ఎనిమిదికి నాలుగు, ఆరుకి ఏడు. పల్లవి ఎత్తుగడ సమం (తాళం మొదటి దెబ్బ) దాటి అర దెబ్బకి ఉంటే మొత్తం 34 అవుతుంది, అప్పుడు పదికి రెండు, ఎనిమిదికి ఐదు. "తదిగిణతోం" ఐదు మాత్రలు, బేసి. సమం నుంచి సమానికి ఒంటరిగా ఇమడదు, ముందు ఇంకో బేసి ముక్క కలపాలి. పదమూడు మాత్రలు వాయించి, మధ్యలో రెండేసి మాత్రల కార్వలతో మూడు తదిగిణతోంలు వేస్తే 32 సరిగ్గా నిండుతుంది.

ఆరు మాత్రల జతికి ఏడు మాత్రల కార్వ నాకు బాగా కష్టమైనది, అందుకే రోజూ ముందు దాన్నే చేశాను. పంచరత్నాలకి ఈ ముక్తాయిలు పెద్దగా అవసరం లేదు, అక్కడ శుభ్రమైన నడక చాలు. కానీ ఆగడం నేర్పేది ఇవే.

సెమిస్టర్ పరీక్షలు

పరీక్షల్లో పెట్టె మంచం కింద పెట్టేసి నోటి జతులే చెప్పుకున్నాను, అదీ పరీక్ష రాసి వచ్చే దారిలో. అన్ని సబ్జెక్టులూ పాసయ్యాను. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో మార్కులు నేను అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చాయి.

జనవరి

ఆరాధనలో ముగ్గురు మృదంగాలు పట్టుకుని కూర్చున్నాం, నేను చివర. నాట, గౌళ హాయిగా సాగాయి. ఆరభిలో చరణాలు మొదలయ్యాక గోష్ఠి వేగం అందుకుంది. పెద్దాయన తల ఎత్తి మావైపు చూసి చేత్తో తాళం పెద్దగా వేశారు. ముగ్గురం నడకను ఆ తాళం మీదే నిలిపాం, రెండు ఆవర్తనాల్లో పాట వెనక్కి వచ్చి కూర్చుంది. శ్రీరాగం అయ్యాక మాస్టారు "వరాళిలో ఎడమ చెయ్యి మెత్తబడింది, చూసుకో" అన్నారు. రికార్డింగ్ విన్నాను, నిజమే. గుమికి అనే ఎడమ చేతి నాదంలో బలం తగ్గింది. గంట దాటి వాయించే ఓపిక పెట్టె మీద రాలేదు.

ఈ సెమిస్టర్‌కి ప్లాన్: శని ఆదివారాల్లో ఒకపూట ఆపకుండా మృదంగం మీదే గంటన్నర. వారం మధ్యలో ఎడమ చేతికి విడిగా పాఠం. మాస్టారు మిశ్రచాపు మొదలుపెడతానన్నారు, మూడూ నాలుగూ ఏడు మాత్రలు, కాబట్టి నడిచే దారిలో అడుగుల లెక్క మార్చుకోవాలి. ముక్తాయిల ప్రోగ్రాంలో 32 బదులు 28 పెట్టి నడిపి చూశాను, నాలుగు మిశ్రచాపులకి ఎనిమిది మాత్రల జతి, రెండు మాత్రల కార్వ వచ్చాయి. ఈ ఆదివారం అది మాస్టారికి వినిపిస్తాను.