గజ్జెల చప్పుడు చెడకుండా

ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి తెచ్చిన కూరలు సర్దేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అడివివరంలో రికార్డు చేసిన తప్పెటగుళ్ళను, అదే మన ఉత్తరాంధ్ర జానపద ఆటపాటను, పార్వతీపురం మాస్టారికి ఈరోజైనా అందించాలి.

కుదించకుండా ఉంచితే గంట రికార్డింగు ఒక గిగాబైటు దాకా ఉంటుంది. ఈమెయిల్‌లో 25 మెగాబైట్లు దాటితే కష్టం. కుదించి పంపవచ్చు గానీ నాకు మనసొప్పదు. రొమ్ముకు కట్టిన తప్పెట మోత ఎలాగో నిలుస్తుంది. కాలి గజ్జెల సన్నని గలగల మాత్రం అలుక్కుపోతుంది. అడుగు ఎప్పుడు మారిందో చెప్పేది ఆ గలగలే. అందుకే ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, మాస్టారికి విడిగా ఫోల్డర్ పెట్టాను.

ఫైళ్ళు పంపుకోవడానికి ఎఫ్‌టీపీ నియమాలను 1971 ఏప్రిల్‌లో మొదట రాసింది మనవాడే, కాన్పూర్ ఐఐటీ తొలి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్. తలచుకుంటే గర్వంగా ఉంటుంది. అయితే అందులో పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా వెళుతుంది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు రెండూ దాన్ని వదిలేశాయి. నేను వాడేది ఎస్‌ఎఫ్‌టీపీ. పేరు దగ్గరగా ఉన్నా కుదురు వేరు. పాస్‌వర్డునూ ఫైలునూ మరుగుపరిచే ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతి మీద, 22వ పోర్టు అనే ద్వారంలో నడుస్తుంది.

మధ్యాహ్నం మాస్టారి ఫోను. "సగంలో కరెంటు పోయింది బాబూ. మళ్ళీ మొదటి నుంచా?"

"అక్కర్లేదు మాస్టారూ. మీరు ఫైళ్ళు దించుకుంటున్న ఆ ఫైల్‌జిల్లా ప్రోగ్రాము అడిగినప్పుడు పాతదాన్ని చెరపకుండా కొనసాగించమనండి. ఆగిన చోటి నుంచే అందుకుంటుంది."

అలాగే అందుకుంది. తర్వాత ఫైలు చెడకుండా చేరిందో లేదో తెలియడానికి ఇద్దరం దాని వేలిముద్ర లాంటి షా-256 సరిచూసుకున్నాం. అంకెలూ అక్షరాలూ కలిసిన 64 గుర్తుల వరుస అది. ఫైలులో ఒక్క బిట్టు మారినా వరుసంతా మారిపోతుంది. చివరి ఎనిమిదింటిని ఆయన పాఠం చెప్పినట్టు ఒత్తి ఒత్తి చదివారు. నా తెర మీదా అవే ఉన్నాయి.

సాయంత్రం విజయనగరం కుర్రాళ్ళకు మరో ఫోల్డర్ తెరిచాను. వాళ్ళు దించుకోగలరు గానీ మార్చలేరు, చెరపలేరు. బృందం పెద్దాయన ఒప్పుకున్న పాటలే అందులో ఉన్నాయి. ఇంటి వేడుకల్లో పాడుకునేవి బయటికి వద్దన్నారు. వాటిని మాస్టారికి కూడా ఇవ్వలేదు. ఏ పాట ఎవరికి చేరిందో ఆదివారం పెద్దాయనకు ఫోను చేసి చెప్పాలి.