స్క్రాప్ కంటైనర్‌, కస్టమ్స్ విలువ పెంపు: నా అనుభవం

మాది పాత ఇంజన్ బ్లాకులు, గేర్‌బాక్స్ తొడుగుల లాంటి అల్యూమినియం తుక్కు కరిగించి ఇంగాట్లు (లోహపు దిమ్మలు) పోసే చిన్న యూనిట్. సరుకు బయటి దేశాల నుంచి వస్తుంది. ఆ మధ్య ఒక కంటైనర్‌కి బిల్ ఆఫ్ ఎంట్రీ (సరుకు వివరాలు, విలువ చూపే దిగుమతి పత్రం) వేశాక, కస్టమ్స్ వాళ్లు మీరు చూపించిన ధర తక్కువగా ఉంది, లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ రేటు ఆధారంగా విలువ పెంచుతాం అన్నారు. ఆ రేటేమో శుద్ధమైన లోహానిది, మాదేమో గ్రీజు, మట్టి, ఇనప బోల్టులతో సహా వచ్చే తుక్కు. రేటులో కొంత కోత వేసే లెక్క కడతారు గానీ, మన కంటైనర్‌లో ఏముందో చూసి కట్టే లెక్క కాదది.

బేసిక్ డ్యూటీ 2.5 శాతమే కదా, కట్టేసి వదిలేయొచ్చుగా అన్నారు తెలిసినవాళ్లు. కానీ దానిపైన 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) కూడా పెరిగిన విలువ మీదే పడుతుంది, మా అమ్మకాల పన్నులో సర్దుకునే క్రెడిట్ వచ్చినా అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. పైగా ఒకసారి ఒప్పుకుంటే తర్వాత వచ్చే ప్రతి కంటైనర్‌కీ అదే ధర చూపిస్తారు.

అసలు టెన్షన్ ఇక్కడే. పెంచిన విలువకు అభ్యంతరం లేదు, స్పీకింగ్ ఆర్డర్ (కారణాలు వివరిస్తూ ఇచ్చే ఆర్డర్) అక్కర్లేదు అని లెటర్ ఇస్తే సాయంత్రానికే సరుకు బయటికొస్తుందన్నాడు మా కస్టమ్స్ బ్రోకర్. అటు సరుకు పోర్టులో ఉన్నందుకు డిమరేజ్, ఇటు కంటైనర్ తిరిగివ్వనందుకు షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్, రెండు మీటర్లూ తిరుగుతూనే ఉన్నాయి, అందుకే చాలామంది సంతకం పెట్టేస్తారు. అలా రాసిచ్చి తర్వాత అప్పీలుకు వెళ్లినవాళ్లలో కొందరు ఆ కాగితం వల్లే కస్టమ్స్ అప్పీళ్లు వినే ట్రిబ్యునల్లో ఓడిపోయారు. మా లాయర్ సలహాతో పెంచిన డ్యూటీ 'అండర్ ప్రొటెస్ట్' (అభ్యంతరం ఉంచుకునే కడుతున్నాం) అని రాసి కట్టాం, కారణాలతో ఆర్డర్ ఇవ్వమని లెటర్ పెట్టి ఇన్‌వర్డ్ ముద్ర (లెటర్ అందినట్టు గుర్తు) వేయించుకున్నాం. కస్టమ్స్ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం 15 రోజుల్లో ఇవ్వాలి. గుర్తు చేస్తూ ఇంకో లెటర్ పెడితే గానీ రాలేదు.

వచ్చిన ఆర్డర్‌లో మా ఇన్‌వాయిస్ ఎందుకు నమ్మలేదో ఒక్క ముక్క లేదు. మాకు పనికొచ్చింది అదే. 2019లో సెంచురీ మెటల్ రీసైక్లింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఈ అల్యూమినియం తుక్కు గురించే: 2007 కస్టమ్స్ వాల్యుయేషన్ (విలువ కట్టే) నియమాల్లోని 12వ నియమం కింద ధర తోసిపుచ్చాలంటే సహేతుకమైన అనుమానం ఉండాలి, దానికి కారణాలు చూపాలి. 60 రోజుల గడువు దాటకముందే కమిషనర్ (అప్పీల్స్) దగ్గర అప్పీలు వేశాం. కాంట్రాక్టు, బ్యాంకు చెల్లింపు కాగితాలు, సరుకు ఫొటోలు అన్నీ జత చేశాం. హియరింగ్ పది నిమిషాలు కూడా పట్టలేదు, ఆర్డర్ కోసం మాత్రం నెలలు చూశాం. గెలిచాం.

గెలవగానే డబ్బు చేతికి రాదు. ఎక్కువ కట్టిన ఆ డ్యూటీ భారం మా కొనుగోలుదారు మీద వేయలేదని సీఏ సర్టిఫికెట్‌తో రీఫండ్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలి. ఐజీఎస్టీ క్రెడిట్ ముందే వాడేశాం కాబట్టి బేసిక్ డ్యూటీ, దానిపై పడే సర్‌చార్జ్ తేడా మాత్రమే అడిగాం. దరఖాస్తు పెట్టిన మూడు నెలలు దాటితే వడ్డీ కూడా ఇవ్వాలి. అసలు వచ్చింది, వడ్డీ కోసం మళ్లీ లెటర్ పెట్టాను.