ఏ అరుగు మీద అడిగారు?

రొయ్యల చెరువులో ఆక్సిజన్ చూడ్డానికి భీమవరం వైపు రైతెవరూ మధ్యాహ్నం రెండింటికి మీటరు ముంచి ఊరుకోడు. ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి అంకె బాగానే కనిపిస్తుంది. రాత్రంతా అన్నీ పీల్చేశాక తెల్లవారుజామున అట్టడుగుకి పడుతుంది. అందుకే అంకె పక్కన గంట కూడా రాస్తారు. మనిషి స్వభావం కొలిచే ప్రశ్నాపత్రంలో మాత్రం గంటా ఉండదు, చోటూ ఉండదు. "నేను కలుపుగోలు మనిషిని" అని ఒక వాక్యం, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు, అంతే.

స్వభావం చోటుని బట్టి మారుతుందా అన్న ఈ పేచీ పాతదే. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లాడు ఇంట్లోనూ అబద్ధమాడతాడని చెప్పలేమని హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు 1928లోనే చూపించారు. స్వభావ లక్షణాల మార్కులకీ, ఒకానొక సందర్భంలో మనిషి నడతకీ మధ్య సహసంబంధం (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె; 0 అంటే సంబంధం లేదు, 1 అంటే పూర్తిగా కలిసి) 0.30 దాటడం అరుదని 1968లో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ అన్నాడు. అలాగని స్వభావమే లేదనుకోవడం తొందరపాటు. విడివిడి కొలతల మధ్య సంబంధం 0.30 ఉంటే, కొలతలు పెరిగితే సగటు ఎంత నమ్మదగ్గదవుతుందో లెక్కగట్టే స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం అయిదింటి సగటుకి నమ్మకం (1 అయితే పూర్తి నమ్మకం) 0.68, పదింటికి 0.81. కాకపోతే ఆ పదీ వేర్వేరు సందర్భాల్లో తియ్యాలి. ఒకే అరుగు మీద పదిసార్లు అడిగితే గట్టిపడేది ఆ అరుగు ప్రభావమే.

అత్తగారు గడపలో కూర్చుని వింటుంటే "నాకు కోపం త్వరగా వస్తుంది" అన్నదానికి కోడలు అయిదు వేస్తుందా? కాగితం కోడలి చేతికే ఇచ్చి మీరు పక్కకి జరగండి. చదవడం రాకపోతే ఒకటి నుంచి అయిదు దాకా అంకెలున్న అట్ట ఇచ్చి, వేలు పెట్టమనండి. పక్కన ఎవరున్నారో రాసుకోండి.

తెలుగులో ఇంకో గొయ్యి ఉంది. "నేను పనులు వాయిదా వెయ్యను" అని చదివి వినిపిస్తే ఒకరు "అవునండీ" అంటారు, ఇంకొకరు "లేదండీ" అంటారు. ఇద్దరి ఉద్దేశమూ ఒకటే, పనులు వాయిదా వెయ్యరని. మీ కాగితం మీద మాత్రం ఒకరికి 5, ఇంకొకరికి 1 పడుతుంది. "చెయ్యాల్సిన పని రేపటికి నెట్టేస్తాను" అని రాస్తే గొడవ లేదు. ఇలాంటి ఎదురు వాక్యాలు, అంటే అవునంటే మార్కు తగ్గేవి, సగం దాకా ఉండాల్సిందే. ఊరికి కొత్తవాళ్లొచ్చి అడిగితే మర్యాద కోసం అన్నిటికీ "ఆఁ ఆఁ" అనేవాళ్లు దొరికేది వాటితోనే.

"పనిలో", "ఇంట్లో" అని వాక్యంలోనే చోటు చెప్పడం చవకైన మందు. ఓపిక ఉంటే ఫోనుకి రోజుకి 5 సార్లు, 14 రోజులు చిన్న ప్రశ్నలు పంపండి: ఎక్కడున్నారు, ఎవరితో, ఈ గంటలో ఎంత మాట్లాడారు. మొత్తం 70లో కొన్ని జవాబులు ఎలాగూ పోతాయి. కోతలప్పుడు మరీను. సరి రోజుల సగటునీ బేసి రోజుల సగటునీ పోల్చి చూస్తే కొలత నిలకడ తెలుస్తుంది. ఫ్లీసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో ఈ పద్ధతిలోనే చూశాడు: ఒకే మనిషి గంటగంటకీ బోలెడు మారతాడు, సగటు మాత్రం వారం వారానికీ దాదాపు అక్కడే ఉంటుంది.

సగటు పక్కన చెదురు, అంటే మార్కులు సగటుకి ఎంత అటూ ఇటూ పోతాయో, అది కూడా రాయాలి. ఇద్దరికీ సగటు 3 రావచ్చు. ఒకరు ఎక్కడైనా మూడే, ఇంకొకరు బ్యాంకు ఆఫీసరు ముందు 1, కొబ్బరితోటలో 5.

గోదావరి లంక గ్రామాల్లో ఆందోళన కొలిచేటప్పుడు తేదీతో పాటు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం కూడా రాసుకోండి. అక్కడ 11.75 అడుగులకి మొదటి వరద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ రోజుల్లో తీసిన మార్కుల్ని సంక్రాంతి నాటి మార్కులతో కలిపెయ్యకుండా వేరే వరసలో ఉంచండి.