నాన్నగారి లాగ్‌షీటులో మా కారు

మేముండేది ఇంగ్లండు నడిమధ్యన లఫ్‌బరో అనే ఊళ్లో. అక్కడి నుంచి నాటింగ్‌హామ్ వైపు వెళుతుంటే రాట్‌క్లిఫ్ థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదీ వరసగా కనిపిస్తాయి. కిందటి అక్టోబరులో నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు కారులోంచి వాటిని చూసి, "ఆవిరి రావడం లేదేమిరా?" అన్నారు. ముప్పై ఏళ్లు 132 కె.వి. సబ్‌స్టేషన్లలో ఆపరేటరుగా పనిచేసిన మనిషి ఆయన. బ్రిటన్‌లో చివరి బొగ్గు కేంద్రం అదేనని, 2024 సెప్టెంబరు 30న మూసేశారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మరి సాయంత్రం లోడు ఎవరు మోస్తున్నారు?" అని అడిగారు.

ఆ మోతలో కరెంటుతో నడిచే మా కారుకు కూడా పిసరంత వాటా ఉంది. అది దక్కడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

కరెంటు కంపెనీ వాళ్ల కారు చార్జింగు పథకం వినడానికి చాలా తేలిక. సాయంత్రం ఇంటికి రాగానే కారుకు తీగ తగిలించి, పొద్దున ఏడింటికి ఎనభై శాతం కావాలని ఫోనులో చెప్పి వదిలేయాలి. మధ్యలో ఎప్పుడు ఎక్కించాలో కరెంటు కంపెనీ చూసుకుంటుంది. స్కాట్లాండ్‌లో, సముద్రంలో గాలిమరలు బాగా తిరిగి కరెంటు మిగిలే వేళ ఎక్కిస్తారు. ఊరంతా వంటకు దిగే వేళ ఆపుతారు. అందుకు బదులుగా రాత్రి యూనిట్ ధర పగటి ధరలో మూడో వంతు కన్నా తక్కువ.

మొదటి అడ్డంకి ఫ్యూజు దగ్గరే ఎదురైంది. చార్జరు బిగించే ముందు మెట్ల కింద అలమరలో ఉన్న మెయిన్ ఫ్యూజు ఫోటో పంపమన్నారు. పంపితే తేలిందేమిటంటే, వీధిలోంచి వచ్చే కేబుల్ మాకూ పక్కింటికీ కలిపి ఒక్కటే. మా ఫ్యూజు దగ్గర నుంచే వాళ్లింటికి తీగ వెళుతుంది. ఇక్కడి పాత జంట ఇళ్లలో ఇలా ఉంటుంది, దాన్ని లూప్ అంటారు. 7 కిలోవాట్ల చార్జరు రాత్రంతా నడవాలంటే ఆ లూపు విడదీసి రెండిళ్లకూ వేరు వేరు కేబుళ్లు వేయాలి. అంటే పక్కింటామె తోట తవ్వాలి. ఆమెకు ఎనభై దాటాయి, ఆ గులాబీ చెట్లు భర్త చేత్తో నాటినవి. నేను రెండుసార్లు వెళ్లి మాట్లాడాను. మూడోసారి ఆమే తలుపు తట్టి, చెట్ల పక్క నుంచి తవ్వుతామంటే సరేనని సంతకం చేసింది. పని జరిగింది ఒక్క పూటలోనే. దానికోసం ఎదురుచూసింది ఏడు వారాలు.

రెండోది మీటరు. పేరుకు స్మార్ట్ మీటరే గాని, అరగంట అరగంటకూ పంపవలసిన రీడింగులు కంపెనీకి చేరడం లేదు. ఆ రీడింగు లేకపోతే ఏ వేళ ఎంత వాడామో తెలియదు, తెలియకపోతే పథకంలో చేర్చుకోరు. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి కథ. చివరికి ఒకమ్మాయి ఓపికగా విని, మీటరుకు తగిలించిన సమాచారపు పెట్టెను మార్పించింది. ఇలాంటి పథకానికి ప్రాణం ఆ అరగంట లెక్కే. దాన్ని సరిచేయడానికి వినియోగదారుడు రెండు నెలలు తిరగవలసి రావడం అన్యాయం. ఫ్లాట్లలో ఉండే మా స్నేహితులకైతే తగిలించడానికి సొంత చోటే లేదు.

నాన్నగారు వచ్చిన వారానికి మొదటి రాత్రి. ఆరున్నరకు తగిలించాను. చార్జరు మీద ఆకుపచ్చ దీపం వెలిగిందే తప్ప కరెంటు ఎక్కలేదు. ఎనిమిదైంది, పదైంది. పని చేయడం లేదేమోనని వెంటనే ఎక్కించే మీట నొక్కబోయాను. నాన్నగారు చెయ్యి పట్టుకున్నారు. "ఉండరా. ఆగడమే దాని పని కదా!"

పన్నెండు దాటాక గోడ మీద పెట్టెలోంచి టక్ మని చప్పుడొచ్చింది. పెద్దాయన నిద్రపోలేదు. "కాంటాక్టర్ పడింది" అన్నారు లోపలి నుంచే, కరెంటు కలిపే స్విచ్చు మూసుకుందని.

ఆ పెట్టెలో ఇంకో సంగతి ఉంది. 2022 జూన్ 30 నుంచి ఇక్కడ అమ్మే ఇంటి చార్జర్లు, మనం వద్దనకపోతే, మొదలుపెట్టే ముందు పది నిమిషాల లోపు తమకు తోచినంత ఆలస్యం చేసుకోవాలని నిబంధన. అన్నీ ఒకే క్షణాన అందుకోకుండా ఈ ఏర్పాటు. ఇది చెబుతుండగానే నాన్నగారు అందుకున్నారు. మన పల్లెల్లో మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. కరెంటు రాగానే ఫీడరు (సబ్‌స్టేషను నుంచి ఊళ్లకు వెళ్లే లైను) మీద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. "ఈ పది నిమిషాలు మాకు అప్పుడుంటే ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు బతికేవో" అన్నారు.

ఆ రాత్రే ఇక్కడ 2019 ఆగస్టు 9న జరిగిన సంగతి చెప్పాను. పిడుగు పడ్డాక హార్న్‌సీ గాలిమరల కేంద్రంలో, లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రంలో దాదాపు ఒకేసారి ఉత్పత్తి పడిపోయింది. వాడకానికి కరెంటు చాలకపోతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందనే అంకె, కిందకు పడుతుంది. యాభై దగ్గర ఉండవలసినది 48.8కి జారింది. ఆ అంకె దగ్గర రిలేలు (గ్రిడ్‌ను కాపాడే స్విచ్చులు) వాటంతట అవే ఫీడర్లను కోసేశాయి. పది లక్షల మందికి పైగా వినియోగదారులకు కరెంటు పోయింది.

నాన్నగారు ఫ్రీక్వెన్సీ అంకె విని తల ఊపారు. 1990లలో అంతకన్నా కిందకు పడిన సాయంత్రాలు ఆయనకు చాలా ఉన్నాయి. కరెంటు పంపకం చూసే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఫోను వచ్చేది, ఫలానా ఫీడరు తీసేయమని. తీసేది తన చేత్తోనే. అందులో ఒక ఫీడరు మీద మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఉండేదని ఆ రాత్రి మొదటిసారి నాతో చెప్పారు. పరీక్షల రోజుల్లో కూడా తీశారట. "ఎవరో ఒకరిది తీయాలి. వాళ్లను అడిగే వీలుండేది కాదు. నీ కారును అడిగి ఆపుతున్నారు, అంతే తేడా." మా కారు ఒక్కటి ఆగితే మిగిలేది 7 కిలోవాట్లు. లక్ష కార్లు ఆగితే 700 మెగావాట్లు, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలోని 210 మెగావాట్ల యూనిట్లు మూడింటికి మించిన లెక్క. అది కాగితం మీద తనే వేశారు.

మర్నాటి నుంచి లాగ్‌షీటు మొదలైంది. నా పాత నోటుబుక్కులో గీతలు గీసి గంట, ఫ్రీక్వెన్సీ, కారు, గాలి అని నాలుగు గళ్లు పెట్టారు. ఇక్కడి గ్రిడ్ ఫ్రీక్వెన్సీని ఎప్పటికప్పుడు ఫోనులో చూడవచ్చు. మెలకువ వచ్చినప్పుడల్లా రాసేవారు. యాభైకి పైన ఉన్నప్పుడే కారు ఎక్కుతుందని ఆయన ఆశ. కొన్ని రాత్రులు కుదిరింది, కొన్ని రాత్రులు 49.9 దగ్గర కూడా ఎక్కింది. మా కారును నడిపేది అరగంటల ధర, ముందుగా వేసిన అంచనా. క్షణక్షణం ఊగే ఫ్రీక్వెన్సీని సర్దడానికి వెంటనే స్పందించే పెద్ద బ్యాటరీలు వేరే ఉన్నాయి. ఆ తేడా ఆయనకు నచ్చలేదు గాని ఒప్పుకున్నారు.

ఒక్కసారి మాత్రం దెబ్బ తగిలింది. ఆయన తిరుగు ప్రయాణం నాటి రాత్రి ఇంట్లో వైఫై పోయి చార్జరుకు ఆదేశం అందలేదు. తెల్లవారుజామున నాలుగింటికి చూస్తే 41 శాతం. హీత్రూ దాకా ఇంచుమించు నూట పది మైళ్లు. దారిలో ఒకచోట ఆగి, పగటి ధరకన్నా ఎంతో ఎక్కువ ఇచ్చి ఎక్కించుకోవలసి వచ్చింది. ఇప్పుడు దూర ప్రయాణం ఉందంటే ముందు రోజే నేరుగా నింపేస్తాను, పథకం మాట తలపెట్టను.

నోటుబుక్కును ఆయన మెట్ల కింద అలమరలో, మీటరు పక్కనే పెట్టి వెళ్లారు. మొన్న గాలి హోరుకు మెలకువ వచ్చి నేను రాశాను: 2.40, 50.08, కారు ఎక్కుతోంది, గాలి బాగా ఉంది. ఫోటో తీసి తెనాలికి పంపితే, తారీఖు వేయలేదని జవాబు వచ్చింది.