సక్కారా సమాధుల్లో పాడీ పంటా

కైరో వెళ్లే మనవాళ్లలో చాలామంది గిజా పిరమిడ్ల దగ్గర ఫొటోలు దిగి, ఒంటె ఎక్కి వచ్చేస్తారు. మేం మాత్రం గిజాకంటే ముందు, ఇంకా పాత పిరమిడ్లున్న సక్కారా, దహ్షూర్ చూడాలని పట్టుబట్టి, గైడ్‌ని మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరాం. దారంతా ఖర్జూర తోటలు, పచ్చిమేత మోపులు మోస్తున్న గాడిదలు. ఒకచోట పొలం గట్టు దాటగానే ఇసుక మొదలైంది. పచ్చదనానికీ ఎడారికీ మధ్య నాలుగడుగుల తేడా కూడా లేదు. పైరు పండే నేల బతికున్నవాళ్లకి, ఎండిన నేల పోయినవాళ్లకి అని అప్పటివాళ్లు పంచుకున్నారట. గైడ్ మేడమ్ చెప్పిన ఆ మాట అక్కడ నిలబడి చూస్తే చక్కగా అర్థమవుతుంది.

సక్కారాలో ముందు కనిపించేది జోసెర్ రాజు మెట్ల పిరమిడ్. వయసు 4,600 ఏళ్ల పైమాటే. అంతకుముందు రాజుల సమాధుల మీద పచ్చి ఇటుకలతో మస్తబా అనే బల్లపరుపు దిమ్మె కట్టేవారు. ఇక్కడ రాతితో మస్తబా కట్టి, దాన్ని పెంచుకుంటూ, అంతస్తు మీద అంతస్తు వేసి ఆరు మెట్లకు తెచ్చారు. కట్టించిన ఘనత ఇమ్హోటెప్ అనే మంత్రిది. ఉత్తరం వైపు చిన్న రాతి గదికి రెండు కన్నాలున్నాయి. కళ్లు ఆనించి చూస్తే లోపల కూర్చున్న జోసెర్ తిరిగి మనల్నే చూస్తుంటాడు! అక్కడున్నది నకలు విగ్రహమే, అసలుది కైరో మ్యూజియంలో ఉంది. అయినా ఒళ్లు జలదరించింది.

ఆ రోజు మొత్తంలో నా మనసు దోచింది మాత్రం తీ అనే అధికారి సమాధి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో మమ్మీని చూసినప్పటి నుంచీ నాకు ఈజిప్టు అంటే చావే గుర్తొచ్చేది. ఈ గోడల మీద ఉన్నదంతా బతుకే. దుక్కి దున్నుతున్నారు, కోత కోస్తున్నారు, పడవలు చెక్కుతున్నారు, రొట్టెలు కాలుస్తున్నారు. ఒక మూల పశువులు వాగు దాటుతున్నాయి. ముందు నడిచే మనిషి వీపు మీద లేగదూడ. అది మెడ తిప్పి వెనక వస్తున్న తల్లిని చూస్తోంది, తల్లి మోర ఎత్తి అరుస్తోంది. నీళ్లలో మునిగిన కాళ్లు కూడా అలల గీతల మధ్య కనిపించేలా చెక్కారు. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లెవరూ ఆ గోడ ముందు నుంచి తొందరగా కదల్లేరు. మేడమ్ రెండుసార్లు పిలిస్తే గానీ నేను కదల్లేదు.

మధ్యాహ్నం దహ్షూర్. రద్దీ లేదు. రెండు పెద్ద పిరమిడ్లూ స్నెఫ్రు రాజు కట్టించినవే. గిజాలో పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫుకి తండ్రి ఆయన. మొదటిది దాదాపు 54 డిగ్రీల వాలుతో లేచి, దాదాపు సగం ఎత్తులో 43 డిగ్రీలకు వంగిపోతుంది. బరువు నిలవదన్న భయంతో మధ్యలో వాలు తగ్గించారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దాని తర్వాత కట్టిన ఎర్ర పిరమిడ్‌కి కింది నుంచి పైదాకా ఆ తక్కువ వాలే పెట్టారు. అది నిలిచింది, 105 మీటర్ల ఎత్తున. లోపలికి దిగాలంటే ముందు బయట మెట్లెక్కి, తర్వాత నడుం వంచి 60 మీటర్ల సొరంగం దిగాలి. గాలి ఆడదు, ముక్కుపుటాలు అదిరే అమోనియా వాసన. కింద గదిలో తలెత్తితే రాళ్లు ఒకదానిమీదొకటి కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ పైన కలుసుకుంటాయి. ఒక్క అక్షరం లేదు, ఒక్క బొమ్మ లేదు. ఆ పనితనమే చాలు.

మర్నాడు గిజాలో ఖుఫు పిరమిడ్ ముందు నిలబడితే, ఒకప్పటి దాని 146 మీటర్ల ఎత్తు వెనక ఎన్ని తరాల ప్రయత్నం ఉందో కళ్లకు కట్టింది. మస్తబా, మెట్లు, వంపు, తర్వాత ఇది. అందుకే వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే: సక్కారా ముందు, గిజా తర్వాత పెట్టుకోండి. తీ సమాధి చూపించమని గైడ్‌కి బయల్దేరే ముందే చెప్పండి. మోకాళ్ల నొప్పులుంటే ఎర్ర పిరమిడ్ లోపలికి దిగకండి, బయటి నుంచి చూసినా బాగుంటుంది.