బెల్టు చివర బురద గీత

పన్నెండేళ్లు టెక్సాస్‌లో ఉన్నాక, మావారి ఉద్యోగ ఒప్పందం తీరడానికి ఇంకో ఏడాది ఉండగానే, 2024 వేసవిలో నేనూ పిల్లలూ హైదరాబాదు అత్తాపూర్‌లోని మా అమ్మానాన్నల ఇంటికి వచ్చేశాము. పిల్లల బడి సంగతి ఫోన్లోనే తేలిపోయింది. కారు సంగతి తేలడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. పదకొండేళ్ల మా అమ్మాయి ఈ ఊరి గురించి బడిలో ఏడాదంతా తెలుసుకున్నదానికన్నా ఆ రెండు నెలల్లోనే ఎక్కువ తెలుసుకున్నదేమోనని నాకు అనిపిస్తుంది.

మేము అనుకున్న సొమ్ము 7 లక్షలు. ఆ సొమ్ముతో పాత కారు కొంటానని చెప్పగానే మా పెద్దనాన్నగారు, "అమెరికా నుంచి వచ్చి సెకండ్‌హ్యాండ్ బండేమిటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. టెక్సాస్‌లో మా రెండు కార్లూ పాతవే. అక్కడ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు కనుక, పక్కనే ఉన్న మా అమ్మాయికి ఆ మాట వేరే విధంగా అర్థమయింది. రాత్రి పడుకునే ముందు నా దగ్గరకు వచ్చి, "అమ్మా, మన డబ్బులు అయిపోయాయా?" అని మెల్లగా అడిగింది. కొత్త కారు షోరూం దాటిన మొదటి మూడు నాలుగేళ్లలోనే ధర ఎక్కువగా పడిపోతుందనీ, ఆ నష్టం మొదట కొన్నవాళ్లు భరించాక మనం కొంటే మిగిలిన సొమ్ము బడి ఫీజులకు పనికివస్తుందనీ కాగితం మీద లెక్క వేసి చూపించాను. లెక్క దానికి వెంటనే అర్థమయింది. పరువు అంటే ఏమిటో చెప్పడానికి మాత్రం ఆ రాత్రి నాకు సరైన మాట దొరకలేదు.

రోజూ కారెక్కేది ఐదుగురం: అమ్మ, నాన్నగారు, నేను, అమ్మాయి, ఐదేళ్ల అబ్బాయి. బంధువులందరూ ఎస్‌యూవీ కొనమన్నారు గాని, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు అంత ఎత్తు ఎక్కడం కష్టం. అలాగని ఎత్తు తక్కువ ఉండే సెడాన్లన్నీ ఆమెకు సరిపోతాయని కూడా కాదు, ఎందుకంటే సీటు మరీ కిందకు ఉంటే కూర్చోవడం తేలికైనా లేవడం నరకం. అందువల్ల ఏ కారు చూడడానికి వెళ్లినా ఇంజను సంగతి తర్వాత, ముందు అమ్మ వెనక సీట్లో కూర్చుని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి. ఈ పరీక్ష ఏ చెక్‌లిస్టులోనూ ఉండదు గాని, పెద్దవాళ్లున్న ఇంటికి ఇంతకన్నా ముఖ్యమైనది లేదని నా అభిప్రాయం.

ఆ ధరలో మాకు కనిపించినవి 2017 నుంచి 2019 మధ్య కాలపు హోండా సిటీ, మారుతి సియాజ్, హ్యుందాయ్ వెర్నా, టయోటా ఇటియోస్. మేము నెలకు ఐదారు వందల కిలోమీటర్లకు మించి తిరగము కనుక డీజిలు ఊసే ఎత్తలేదు. కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019 జూలై నుంచి మాత్రమే కాబట్టి, అంతకు ముందు తయారైన కారు కొనేవారు మోడలు పేరుతో సరిపెట్టుకోకుండా వేరియంటు (అదే మోడలులో ధరను బట్టి మారే రకం) పేరు కూడా అడిగి తెలుసుకోవాలి. నాన్నగారి మనసు ఇటియోస్ మీద ఉండేది. గట్టి బండి, పెద్ద డిక్కీ, ఊళ్లో ఏ మెకానిక్కయినా చేయి తిరిగిన బండి. కాని ఈ నగరంలో తెల్ల ఇటియోస్ అంటే క్యాబే. మేము నడిపి చూస్తున్నప్పుడు మెహిదీపట్నం దగ్గర సూట్‌కేసుతో నిలబడిన ఒకాయన చెయ్యెత్తి ఆపి, "ఎయిర్‌పోర్టుకు వస్తారా?" అని అడగనే అడిగాడు. పిల్లలిద్దరూ ఇంటికి చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు. నాన్నగారు మాత్రం నవ్వలేదు.

పాత కారు విషయంలో మా అమ్మాయికి గట్టి అభిప్రాయాలే ఉండేవి. అమెరికాలో ప్రతి బండికీ ఉండే పదిహేడు అక్షరాల సంఖ్యను కంప్యూటరులో కొడితే ప్రమాదాలూ, చేతులు మారిన వివరాలూ, మీటరు రీడింగులూ ఒక నివేదికగా వస్తాయి. మేము రెండు కార్లూ అలాగే కొనడం చూసింది. అందుకని పాత కార్లు అమ్మే ఒక పెద్ద సంస్థ వారి దగ్గర నిగనిగలాడే హోండా సిటీ, దానితోపాటు వందల అంశాలకు పచ్చని టిక్కులు పెట్టిన నివేదిక కనిపించేసరికి, ఇక ఆలోచించేది ఏముందన్నట్టు నా వైపు చూసింది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

నాన్నగారు మాత్రం తన స్కూటరును ఇరవై ఏళ్లుగా బాగుచేస్తున్న మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చారు. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఉస్తాద్ ఆ నివేదిక వైపు చూడనైనా చూడలేదు. ముందుగా బానెట్ మీద చెయ్యి వేసి, అప్పటికే వేడిగా ఉందని గమనించి, "మేము రాకముందే ఎందుకు స్టార్ట్ చేశారు?" అని అడిగారు. చల్లగా ఉన్న ఇంజను మొదటిసారి పలికినప్పుడే దాని అసలు గొంతు వినిపిస్తుందనీ, అందుకే కొందరు ముందే వేడిచేసి ఉంచుతారనీ మా అమ్మాయికి హిందీ కలిసిన తెలుగులో చెప్పారు. ఆ తర్వాత ముందు సీటు బెల్టును, మనం రోజూ లాగే మేరకు కాక, ఇక రానంటూ మొరాయించేదాకా బయటకు లాగారు. బెల్టు చివరి జానెడు మేర అడ్డంగా ఒక సన్నని గీత, గోధుమ రంగులో ఆరిపోయిన బురద. సీటు పట్టాల కింద టార్చి వేసి చూపిస్తే బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. "పానీలో మునిగింది బేటీ," అన్నారు.

2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన వానను ఈ ఊరివాళ్లెవరూ మరిచిపోలేదు. టోలీచౌకిలోని నదీం కాలనీ వంటి చోట్ల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ వాన మేము టీవీలో చూశాము, నాన్నగారు మేడమీద నుంచి చూశారు. నీట మునిగిన కార్లు తుక్కులోకి పోగా మిగిలినవి శుభ్రంగా కడిగించుకుని, కొత్త సీటు కవర్లు వేయించుకుని మళ్లీ రోడ్డెక్కాయి. పైకి వాటికి ఏ లోపమూ కనిపించదు. రెండు మూడు ఏళ్లకు వైర్ల కీళ్లలో పచ్చని చిలుము పట్టి, ఒక రోజు అద్దాలు దిగవు, ఇంకో రోజు ఎయిర్‌బ్యాగు దీపం ఆరదు. ఫలానా కారు ఆ రోజే మునిగిందని నేను రుజువు చేయలేను గాని, ఆ గీత సంగతి అడిగితే సంస్థవారి అబ్బాయి దగ్గర జవాబు లేదు. తిరిగి వస్తూ మా అమ్మాయి, "మరి ఆ టిక్కులన్నీ అబద్ధాలా?" అని అడిగింది. అబద్ధాలు కాకపోవచ్చుననీ, బెల్టును చివరిదాకా లాగమని ఆ కాగితం ఎవరికీ చెప్పి ఉండదనీ చెప్పాను. ఇక్కడ కాగితాలన్నీ ఇంతే అనే తీర్మానానికి అది రాకూడదన్నది అప్పుడు నా భయం. ప్రవాసం నుంచి తెచ్చిన పిల్లలు అంత త్వరగా నేర్చుకునేది ఇంకొకటి ఉండదు, నేర్పేది కూడా ఎక్కువగా మనమే.

ఆ భయానికి విరుగుడు తర్వాతి వారమే దొరికింది. నాన్నగారి స్నేహితునికి తెలిసినవారి కారట, కళ్లు మూసుకుని తీసుకోవచ్చునట. ఆర్‌సీ నంబరు రవాణా శాఖ వెబ్‌సైటులో చూస్తే ఆ బండి మీద బ్యాంకు అప్పు ఇంకా ఉన్నట్టు తేలింది. ఈసారి టిక్కు పెట్టింది మనుషులు, నిజం చెప్పింది కాగితం. నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు.

చివరకు కొన్నది వెస్ట్ మారేడుపల్లిలో ఒక విశ్రాంత దంపతుల సియాజ్, 2018 చివరలో కొన్న 1.5 లీటర్ల పెట్రోలు బండి, తిరిగింది 31,000 కిలోమీటర్లు. వాళ్ల అబ్బాయి టెక్సాస్‌లోని డాలస్‌లో ఉంటాడు, అక్కడికే వెళ్లిపోతున్నారు. మేము వచ్చిన దారిలో వాళ్లు వెళ్తున్నారన్నమాట. బండిని కొన్నప్పటి నుంచీ ఒకే సర్వీసు సెంటరులో చూపించారు కనుక, ఆ బిల్లుల మీది కిలోమీటర్లను వరుసగా పేర్చి మా అమ్మాయి మీటరుతో సరిపోల్చింది. తక్కువ తిరిగిన బండి ఎప్పుడూ మంచిదేననుకోవడం పొరపాటు. టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ వారాన్నీ, చివరి రెండూ సంవత్సరాన్నీ చెబుతాయి. ఈ బండి టైర్ల మీద 18 అనే ఉంది, గాడులు లోతుగానే ఉన్నా పక్కగోడలు బీటలు వారాయి. కొత్త టైర్లకు 25,000 దాకా అవుతుందని ఉస్తాద్ చెప్పగా, బేరం అక్కడి నుంచి మొదలయింది.

వారు 6,90,000 అన్నారు. నాన్నగారు 6,20,000 అన్నారు. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. టీ, జంతికలు పెట్టిన పెద్దావిడతో ధర తగ్గించమని వాదించడం దానికి అవమానంగా తోచింది. గంటసేపట్లో కారు మాట నడిచింది పావుగంట. మిగతా సమయమంతా డాలస్‌లో చలి ఎంత ఉంటుంది, ఇక్కడి పప్పులు అక్కడ దొరుకుతాయా, మనవలు తెలుగు మాట్లాడతారా అన్నవే. చివరకు 6,45,000 దగ్గర ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆవిడ మా అబ్బాయి చేతిలో 100 రూపాయల నోటు పెట్టారు. "బేరం ఆడారు, మళ్లీ డబ్బులు ఎందుకు ఇచ్చారు?" అని వాడు కారులో అడిగాడు.

కాగితాల పని ఊహించినంత కష్టంగా లేదు. యాజమాన్యం మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు, వాళ్లు ఎప్పుడో తీర్చేసిన అప్పుకు బ్యాంకు నిరభ్యంతర పత్రం, ఆర్‌సీలో ఆ అప్పును కొట్టివేయించే 35వ ఫారం, పెండింగు చలానా ఒకటి. బీమాను పద్నాలుగు రోజులలోపు మన పేరు మీదికి మార్చుకోవాలన్న సంగతి చాలామంది మరిచిపోతారు. బీమా సొమ్ము అడగనందుకు పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ తగ్గింపు ఆయన వెంటే పోతుంది, బండితో మనకు రాదు. ఆర్‌టీఏ ఆఫీసు బయట నిలబడ్డప్పుడు నంబరు ప్లేట్ల మీద ఏపీ, టీఎస్, టీజీ అని మూడు రకాలు ఎందుకున్నాయని మా అమ్మాయి అడిగితే, 2014లో రాష్ట్రం ఏర్పడడం, 2024 మార్చిలో టీఎస్ కాస్తా టీజీ కావడం గురించి నాన్నగారు అక్కడే చెప్పారు. ఆ తర్వాత నెల రోజులు అది రోడ్డు మీద ఏపీ ప్లేట్లను లెక్కపెడుతూనే ఉంది.

కారు వచ్చాక అసలు గొడవ మొదలయింది. టెక్సాస్‌లో ఎనిమిదేళ్లలోపు పిల్లలు 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప ప్రత్యేకమైన సీటు లేకుండా కారెక్కకూడదు. మావాడికి ఆ సీటు పుట్టినప్పటి నుంచీ అలవాటు. "నా ఒళ్లో ఉండగా వాడికేమవుతుంది?" అన్నది మా అమ్మ మాట. మమ్మల్ని అలాగే పెంచిన చేతులవి. ఇక్కడి మోటారు వాహనాల చట్టం కూడా, 2019 సవరణ తర్వాతి 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకపోతే 1,000 రూపాయల జరిమానా అంటుందని చెప్పాను. జరిమానా మాటకు అమ్మ బెదరలేదు. గుద్దుకున్నప్పుడు ఒళ్లో ఉన్న బిడ్డను ఎంత బలమైన చేతులూ పట్టి ఉంచలేవని చెప్పినప్పుడు మాత్రం కాసేపు తన చేతుల వైపు చూసుకుంది.

తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి బయలుదేరినప్పుడు, వాణ్ని సీట్లో కూర్చోబెట్టడం తన పనేనని అమ్మ పట్టుబట్టింది. అప్పటి నుంచి రోజూ ఆమే. బకిల్ పడిన చప్పుడు వినిపించాక కూడా పట్టీని రెండుసార్లు గట్టిగా లాగి చూసి, ఆ తర్వాతే "పోనివ్వు" అంటుంది.