సీజీఎల్ వచ్చింది, గ్రూప్-2 పోయింది: జీతాల లెక్క చూసుకుని చదవండి

2025 మార్చి 12న వచ్చిన సీజీఎల్-2024 (కేంద్ర ఉద్యోగాలకు ఎస్‌ఎస్‌సీ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష) ఫైనల్ లిస్టులో నా నంబర్ ఉంది. ట్యాక్స్ అసిస్టెంట్. ఏప్రిల్‌లో వచ్చిన ఏపీపీఎస్సీ (రాష్ట్ర ఉద్యోగాల) గ్రూప్-2 మెయిన్స్ లిస్టులో లేదు. "డిప్యూటీ తహసీల్దార్ అవుతాడనుకుంటే గుమస్తా అయ్యాడు" అని మా మావయ్య ఊరంతా చెబుతున్నాడు. అందుకే ఈ లెక్కలు.

గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న రాశాం కదా. మెయిన్స్ జులై 28 అన్నారు, తర్వాత 2025 జనవరి 5, చివరికి ఫిబ్రవరి 23. డేట్ జరిగినప్పుడల్లా "రివిజన్‌కి టైమ్ దొరికింది" అని రూమ్‌లో సంబరం. విశాఖ ద్వారకానగర్‌లో అద్దె, మెస్ బిల్లు మాత్రం జరగవుగా! తొలి వాయిదాకే మా రూమ్మేట్ పుస్తకాలు సర్దేసి పరవాడ ఫార్మా సిటీలో క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) చేరిపోయాడు. 18 వేల జీతం, కంపెనీ బస్సు, నైట్ షిఫ్టులు. వాడు వెళ్లిన రాత్రి ఎకానమీ నోట్సు వెనక పేజీలో గళ్లు గీశాను: పోస్టు, బేసిక్, చేతికొచ్చేది, ఎక్కడ వేస్తారు, చేరడానికి ఎన్నాళ్లు. ఆ చివరి గడి నింపుతుంటే నిద్ర ఎగిరిపోయింది. అవకాశ వ్యయం అని బట్టీ పడతాం గానీ, ఎదురుచూసే ప్రతి నెలా ఒక జీతం పోతున్నట్టే. లాస్ట్ డేట్ లోపే సీజీఎల్‌కి అప్లై చేశాను.

రాష్ట్రంలో జూనియర్ అసిస్టెంట్ స్కేలు 25,220తో మొదలు. ట్యాక్స్ అసిస్టెంట్ కేంద్ర పే స్కేళ్లలో లెవెల్-4, 25,500. బేసిక్ దగ్గర పెద్ద తేడా లేదు. కానీ కేంద్రం డీఏ (కరువు భత్యం) 2025 మొదట్లో 55 శాతం ఉండేది. ఇంటద్దె భత్యానికి (హెచ్ఆర్ఏ) నగరాలను ఎక్స్, వై, జెడ్ అని విడదీస్తారు; విశాఖ వై కేటగిరీ, 20 శాతం. బేసిక్‌తో ఈ మూడూ కలిపితే అప్పటి లెక్కన కటింగులకు ముందు 44,625. గ్రూప్-2లో ఎగ్జిక్యూటివ్ పోస్టు కొడితే బేసిక్ దీనికంటే చాలా ఎక్కువ, ఉండేది సొంత జోన్‌లో, ఊళ్లో హోదా సరేసరి. కాదనను. ఒక్క నోటిఫికేషన్‌నే పట్టుకుని కూర్చోవద్దంటున్నా, అంతే.

చదువు సంగతా? పొద్దున మ్యాథ్స్, ఇంగ్లిష్. సాయంత్రం ఏపీ హిస్టరీ. పాలిటీ రెండింటికీ పనికొస్తుంది. పాత పేపర్లు టైమ్ పెట్టుకుని రాయండి. లైబ్రరీలో సీటు ఆపుకుని రీల్స్ చూసేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది. ఇంట్లోవాళ్లు పంపే డబ్బుకైనా లెక్క ఉండాలి కదా.

నాకు పోస్టింగ్ ఏ రీజియన్‌లోనో ఇంకా తేలలేదు. హైదరాబాద్ వేస్తే ఎక్స్ కేటగిరీ, హెచ్ఆర్ఏ 30 శాతం, అంటే ఇంకో 2,550. అక్కడి అద్దెలకు అవి ఏ మూలకు?